రబ్బరుబ్యాండ్లు లేని డబ్బాలు

గ్రంథాలయానికి వెబ్ పేజీలు చేసే అతన్ని ఆఫీసులో అందరూ డబ్బాలాయన అనేవారు. శీర్షికైనా, పట్టికైనా, బటనైనా 'డివ్' అనే ఒకే రకం డబ్బాలో పడేసి పైన రంగు పూసేవాడు మరి. చూసినవాళ్లంతా ఆహా ఓహో అంటుంటే ఆరేళ్లుగా అతని కాళ్లు నేలమీద ఆనడం లేదు.

ఇంట్లో చూపులేని అక్క ఉంది. పేజీని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో ఆమె కంప్యూటర్ వాడుతుంది. అదే గ్రంథాలయంలో ఫోన్లు అందుకునే ఉద్యోగం పడింది. దరఖాస్తు తమ్ముడి పేజీలోంచే పంపాలి, సాయంత్రం ఐదులోగా. తమ్ముడికి ఆ రోజు సెలవు.

శీర్షిక నుంచి శీర్షికకు దూకుదామంటే ఆ చదివే యంత్రానికి పేజీలో అన్నీ ఒకేలాంటి డబ్బాలే, ఒక్క శీర్షికా దొరకలేదు. సెలవుల జాబితా మొదలుకొని అంతా యంత్రం ఊపిరి తీసుకోకుండా చదివింది. వివరాలు నింపేసరికి అక్కకు తలప్రాణం తోకకు వచ్చింది. ఇక పంపే బటన్ ఎక్కడా తగల్లేదు.

"కుడివైపు నీలంగా మెరుస్తూ ఉంటుంది కదక్కా," అన్నాడు తమ్ముడు. అనేశాక నాలిక్కరుచుకున్నాడు. పోనీ తానే నొక్కుతానన్నాడు.

"నువ్వు నొక్కితే ఉద్యోగం నీకే ఇవ్వాలిరా," అంది అక్క.

ఆమె వంటింట్లోకి వెళ్లింది. అక్కడ డబ్బాలన్నీ ఒకే తీరువి. తడిమి గుర్తుపట్టడానికి ఉప్పుకు ఒక రబ్బరుబ్యాండు, చక్కెరకు రెండు ఉంటాయి. అన్నీ ఊడదీసి డబ్బాలను అటూ ఇటూ మార్చింది. తమ్ముణ్ని కళ్లు మూసుకుని టీ పెట్టమంది, రుచి చూడ్డానికి వీల్లేదంది. తమ్ముడు మహా ధీమాగా పెట్టి, ఒక గుక్క తాగి, మొహం వికారంగా పెట్టాడు. చక్కెర అనుకుని ఉప్పు దట్టించాడు.

అతనికి నిజంగా సిగ్గేసింది. వెళ్లి పేజీ విప్పాడు. రంగుల జోలికి పోలేదు. శీర్షికను శీర్షిక అని, ముఖ్య విషయాన్ని ముఖ్య విషయమని, బటన్‌ను బటన్ అని యంత్రానికి తెలిసేలా ఒక్కో గుర్తే పెట్టుకుంటూ పోయాడు. పైకి పేజీ ఎప్పటిలాగే ఉంది. నిమిషానికోసారి గడియారం వంక చూస్తూనే ఉన్నాడు.

ఐదుకు ఎనిమిది నిమిషాలుండగా అక్క కూర్చుని మళ్లీ వివరాలు నింపింది. "దరఖాస్తు పంపు, బటన్," అంది యంత్రం. నొక్కింది. "దరఖాస్తు అందింది," అని వినబడగానే తమ్ముడి కళ్లలో నీళ్లు తిరిగాయి.

అక్క లేచి వెళ్లి చక్కెర డబ్బాకు రెండు రబ్బరుబ్యాండ్లు తొడిగింది.

"ఇప్పుడు పెట్టు టీ," అంది.