పరీక్షలకు పిలిచే గుండె

మా కాలేజీలో నెలకొక శనివారం ఒక తంతు జరుగుతుంది. డాక్టరు చదివే పిల్లలకు పాఠం ఎలా చెప్పాలి, పరీక్ష ఎలా పెట్టాలి అన్నదాని మీద ఎక్కడెక్కడి వాళ్ళో రాసిన వ్యాసాల్లోంచి ఒకటి ఎంచుకుని, చదివి, తోటి అధ్యాపకులకు వినిపించాలి. వాళ్ళు వచ్చేది సమోసాల కోసం. ఆ సంగతి నాకూ తెలుసు, నాకు తెలుసని వాళ్ళకూ తెలుసు. నేను చెప్పేది ఫిజియాలజీ. రోగులతో పనిలేని మనిషికి తీరిక ఉంటుందని ఈ చదువు నా నెత్తిన పెట్టారు. ఈ నెల చేతికొచ్చిన వ్యాసం చూసి నాకు నవ్వొచ్చింది. అది మంచి నవ్వు కాదు. రబ్బరు బొమ్మల మీద నేర్చుకున్న పిల్లలు మనిషి ఒంటి మీద చెయ్యి వేయడానికి జంకుతున్నారట, కాబట్టి మళ్ళీ నిజమైన రోగులను తెచ్చి వాళ్ళ ముందు కూర్చోబెట్టాలట. కొన్నేళ్ళ కింద ఇదే గదిలో, ఇలాంటి శనివారమే, నిజమైన రోగులు వద్దని చదివి వినిపించింది నేనే. అలా వద్దనిపించుకున్న రోగుల్లో ఒకామె మా మేనత్త.

కాలేజీ ఏ ఊళ్ళో ఉందో చెప్పను, నాకింకా అక్కడే జీతం. మా ఆర్మూర్‌లో పొద్దున్నే బస్సెక్కితే పరీక్ష మొదలయ్యే వేళకు చేరుకోవచ్చు, అంతే చెప్తాను. చివరి ఏడాది పిల్లలకు ప్రాక్టికల్ పరీక్షలో ఒక్కొక్కరికి ఒక్కో రోగిని అప్పజెప్పేవారు. మాట్లాడి, తడిమి, స్టెతస్కోపు పెట్టి విని, రోగమేమిటో పరీక్ష పెట్టే సారుకు చెప్పాలి. ఇందుకోసం రోగం ముదిరి ఒక చోట కుదురుకున్నవాళ్ళను ముందే చూసి పెట్టుకుని, ఏటా ఫోన్ చేసి పిలిపించేవారు. బస్సు చార్జీ ఇచ్చి, మధ్యాహ్నం అన్నం పెట్టేవారు. మా అత్తకు గుండెలో ఒక కవాటం ఇరుకైపోయింది. చిన్నప్పుడు కీళ్ళ నొప్పులతో వచ్చిన జ్వరం చేసిపోయిన పని. చెవి పెట్టి వింటే, బస్టాండులో ఇంజను బంద్ చేయకుండా ఆపిన బస్సులాగా లోపల గుర్రుమనేది. మెడిసిన్ పెద్దసారుకు ఆ చప్పుడంటే ప్రాణం. "మంచి కేసు, చాలా మంచి కేసు" అని పదిమందికీ చెప్పుకునేవాడు. ఆయన దగ్గరే చదువుకున్నదాన్ని కాబట్టి ఆ భాష నాకు తెలుసు. డాక్టర్లు మంచి గుండె అన్నారంటే అది పూర్తిగా చెడిపోయిందని అర్థం.

ఇంట్లో మాత్రం ఆమెను ఎవరూ మంచిదని అన్న పాపాన పోలేదు. ఇంట్లో ఆమె పేరు సీకుది, అంటే రోగిష్టిది. మామ దుబాయ్‌లో ఉన్నాడు, ఉన్నాడనే అనుకుంటాం. పిల్లలను కంటే ప్రాణం మీదికి వస్తుందని డాక్టర్లు ముందే చెప్పారు. అది విన్న ఏడే మామ విమానం ఎక్కాడు. అప్పటినుంచి అత్త మా ఇంట్లోనే ఒక మూల కూర్చుని బీడీలు చుట్టేది. పసుపు కాలంలో కల్లాల దగ్గరికి పోయి ఎండిన కొమ్ములు ఏరేది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. పెండ్లికి పోదామని అందరం ఆటో ఎక్కుతుంటే మా నాన్న ఆమె వినేలాగే అనేవాడు, "దాన్నెందుకు, అక్కడ దమ్మొస్తే పెండ్లి జూడాల్నా దీన్ని జూడాల్నా" అని. అత్త ముఖం ఎత్తేది కాదు. తునికాకు కత్తిరించుకుంటూ, "పోండ్రి, నాకు పనున్నది" అనేది. మేము పోయేవాళ్ళం. అక్కడ లడ్డూలు తిని, ఆమెకు ఒకటి తెచ్చేవాళ్ళం, ఒకసారి తెస్తే ఇంకోసారి మరిచేవాళ్ళం.

అలాంటి మనిషి పరీక్షల కబురు రాగానే మారిపోయేది. చీరకు గంజి పెట్టేది, తలకు నూనె రాసేది, మా అమ్మను పిలిచి మరీ చెప్పేది. "పరీక్షలొచ్చినయ్. నేను పోకుంటె ఆడ నడవదట. సారే ఫోన్ జేసిండు." పరీక్ష గదిలో ఆమెకొక మంచం, పక్కన ఫ్యాను, నర్సమ్మ తెచ్చే చాయ్. పరీక్ష పెట్టే సార్లు వచ్చి ఆమె గుండె విని ఒకరి ముఖం ఒకరు చూసుకుని తలలూపేవారు. ఇంట్లో దగ్గితేనే అందరం విసుక్కునే ఆ మనిషి గుండెను అంత శ్రద్ధగా, అంతమంది, అన్నిసార్లు వినడం ఆమెకు ఎంత బాగుండేదో ఇప్పుడు తలుచుకుంటే నాకు సిగ్గేస్తుంది.

అయితే ఆమె పాపం పుణ్యం తెలియని మనిషేం కాదు. పిల్లలను ఏడిపించడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. ఆ చప్పుడు బాగా వినపడాలంటే రోగి ఎడమ పక్కకు తిరిగి పడుకోవాలి. అది ఆమెకు తెలుసు, కానీ అడగందే తిరిగేది కాదు. "అత్తమ్మా, జర గిటు తిరుగుతవా" అని మర్యాదగా అన్నవాడికి తిరిగేది. చిటికె వేసి "టర్న్" అన్నవాడి వైపు గుడ్లప్పగించి చూస్తూ కట్టెలా పడుకునేది. పరీక్షకు ముందురోజు కల్లంలో కొమ్ములు ఏరి, అరచేతులు పచ్చగా ఉంటే కడుక్కోకుండానే వచ్చేది. ఒక ఏడు ఎక్కడో దూరం ఊరి పిల్ల, కండ్లలోకి చూడకుండా ఆ అరచేతులు చూసి కామెర్లు అనేసింది. సారు నలుగురి ముందు ఆ పిల్లను కడిగేశాడు. పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది, పరీక్ష తప్పింది. అత్త ఇంటికొచ్చి ఆ ఏడుపును నటించి చూపించి పొట్ట పట్టుకుని నవ్వింది. "గట్ల నవ్వుతవేందత్తా, పాపం ఆ పిల్ల మల్ల ఆరు నెలలు చదవాలె" అన్నాను. "చదవనీ. నన్ను జూసి ఎంతమంది నవ్విండ్రు, నేను సచ్చిన్నా?" అంది. ఆయాసం వచ్చేదాకా నవ్వి, గోడకు ఆనుకుని కూర్చుంది.

ఆ కవాటానికి ఆపరేషన్ ఉంది. సర్కారు కార్డు ఉంది. ఎవరికీ లేనిది తొందరే. నేను ఇంట్లో ఆ మాట ఎత్తితే అత్తే కొట్టిపారేసేది. "ఆపరేషన్ జేస్తే సప్పుడు పోతది గద. సప్పుడు పోతే నన్నెవడు పిలుస్తడే?" ఆ మాటకు ఇంటిల్లిపాదీ నవ్వేది. పెద్దసారును అడిగితే, "మందులతో నడుస్తోంది కదమ్మా, ఈ పరీక్షలు కానీ" అనేవాడు. ఏటా పరీక్షలు అయ్యేవి, ఏటా మళ్ళీ వచ్చేవి. అత్త పెదవులు నీలంగా మారుతున్నాయని కాలేజీలో గమనించారు. అదీ పిల్లలకు చూపించడానికి బాగుందన్నారు.

అప్పుడే నేను రోగులు వద్దనే ఆ వ్యాసం చదివి వినిపించాను. ఒక పిల్లాడికి తేలిక రోగి వస్తుంది, ఇంకొకడికి కష్టమైన రోగి వస్తుంది, కాబట్టి ఈ పరీక్షలో న్యాయం లేదు, అందరికీ ఒకే కొలత ఉండాలంటే బొమ్మలూ రికార్డు చేసిన చప్పుళ్ళూ మేలు అని అందులో ఉంది. పిల్లలకు జరిగే అన్యాయం గురించి పేజీలకు పేజీలు. మంచం మీద పడుకున్న మనిషి గురించి ఒక్క వాక్యం లేదు. ఉండదని నాకు తెలుసు. నాకు కావలసింది ఆ మంచం ఖాళీ కావడం. పరీక్షలకు పిలుపు లేకపోతే పెద్దసారుకు సాకు ఉండదు, అత్తకూ ఉండదు అనుకున్నాను. పెద్దసారు గట్టిగా అడ్డుపడ్డాడు. కానీ తనిఖీకి వచ్చేవాళ్ళకు చూపించడానికి బొమ్మల గది బాగుంటుందని పైవాళ్ళకు తోచింది. నా చదువు పనిచేసింది అక్కడ ఒక్కచోటే.

ఆ ఏడు పసుపు ఉడకబెట్టే వాసన ఊరంతా కమ్ముకున్నా ఫోన్ రాలేదు. అత్త గంజి పెట్టిన చీర మడతపెట్టి పక్కన పెట్టుకుని వారం రోజులు బీడీలు చుట్టింది. చివరికి నేనే చెప్పాను, ఇక పిలవరని, అది నా వల్లనేనని. అరుస్తుందనుకున్నాను. అరవడానికి ఆమెకు దమ్ము లేదు. "నా తాన ఏమున్నదే? మొగడా, పిల్లలా? గా సీకొక్కటే ఉండె. గది గూడ గుంజుకున్నవ్" అంది. తర్వాత చాలా రోజులు నేను వడ్డించిన అన్నం ముట్టుకోలేదు.

బతిమాలి, తిట్టి, హైదరాబాద్ తీసుకుపోయాం. అక్కడి డాక్టర్లు పరీక్షలన్నీ చేసి, ఊపిరితిత్తుల మీద ఒత్తిడి బాగా పెరిగిపోయింది, ఇప్పుడు కోస్తే బల్ల మీదే పోతుంది, ఇన్నేళ్ళు ఏం చేశారని మమ్మల్ని అడిగారు. మా నాన్న వెంటనే, "అదే వద్దన్నది సార్" అన్నాడు. వానాకాలం మొదట్లో అత్త పోయింది. దినాల్లో వచ్చిపోయేవాళ్ళకు కూడా ఇంట్లో అందరం అదే మాట చెప్పాం. అదే వద్దన్నది. ఆ మాట చెప్పినప్పుడల్లా అన్నం కాస్త సాఫీగా దిగేది. నాక్కూడా.

బొమ్మల గది మొదలైనప్పుడు దాన్ని నాకే అప్పగించారు. రబ్బరు మనిషి మంచం మీద పడుకుని ఉంటాడు. మీట నొక్కి స్టెతస్కోపు పెడితే గుండె చప్పుళ్ళు వినపడతాయి. కంపెనీవాళ్ళు ఇచ్చిన చప్పుళ్ళు నచ్చక పెద్దసారు తన దగ్గరున్నవి తెచ్చి ఎక్కించాడు. రిటైరయ్యే ముందు ఆఖరు పనిగా ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి, స్టెతస్కోపు నా చెవులకు తనే పెట్టాడు. ఇంజను బంద్ చేయని బస్సు.

"మీ అత్తదే" అన్నాడు ప్రేమగా. ఓదార్పు అనుకున్నాడు. "రికార్డు చేసే స్టెత్ కొత్తగా కొన్నప్పుడు చేసిన. నువ్వు ఇక్కడ చేరిన ఏడే. గింత మంచి చప్పుడు మళ్ళ దొరకదమ్మా. మొదట్ల ఆమె మాట ఒకటి పడ్డది, పిల్లలకు డిస్టర్బెన్స్ అని కట్ చేయించిన."

ఏమన్నది సార్ అని అడిగాను.

"ఏముంది. ఛాతీ మీద పెట్టంగనే, 'సారూ, నా ఆపరేషన్ ఎప్పుడు జేపిస్తరు' అన్నది. మాట్లాడకు, ఊపిరి బిగపట్టు అన్న. మళ్ళ మాట్లాడలే. అందుకే ఇంత క్లీన్‌గ వచ్చింది."

ఆ సాయంత్రం ఇంటికి పోయి నాన్నకు చెప్పాను. ఆయన టీవీ మీది చూపు తిప్పకుండానే, "మరి ఇంట్ల వద్దని ఎందుకన్నది" అన్నాడు. ఎందుకన్నదో నాకు తెలుసు. ఇంట్లో కావాలని అంటే, దవాఖానలో పక్కన ఎవరు పడుకోవాలి, ఎవరు పని మానుకోవాలి అని మేము ముఖాలు చూసుకునేవాళ్ళం. అది చూడలేక తనే ముందు వద్దన్నది. ఒక్క మనిషిని మాత్రం అడిగింది, తన గుండెను వినే మనిషిని. ఆయన ఊపిరి బిగపట్టమన్నాడు.

ఈ నెల వ్యాసం నేను చదివి వినిపిస్తాను, సమోసాలూ తెప్పిస్తాను. మళ్ళీ మనుషులను పిలుస్తారో లేదో పైవాళ్ళ ఇష్టం. అప్పటిదాకా పిల్లలు వారం వారం వచ్చి, వరసలో నిలబడి, ఒకరి తర్వాత ఒకరు మా అత్త గుండె వింటూనే ఉంటారు. అది రికార్డు చేసిన రోజుకు ఆపరేషన్‌కు ఇంకా టైముంది. వాళ్ళు వినేది ఆ టైమునే.