రబ్బరు టోపీలో ఆయన తల

మొన్న కళ్ళు తిరుగుతున్నాయంటే హాస్పిటల్లో నా తలకు స్కాన్ తీశారు. పడుకున్నానో లేదో, అయిపోయింది లెమ్మన్నారు. టాక్సీ దండగని బస్సెక్కి, లండన్ శివార్లలో మా ఊరు హేస్‌లో దిగిందాకా నాకు నమ్మకం కుదరలేదు. ఆ మెషీన్ కొత్తగా వచ్చిన రోజుల్లో మా ఆయనకు తీసినప్పుడు ఒక్కో ఫోటోకి నాలుగైదు నిమిషాలు పట్టింది మరి.

అప్పటికి మా పెళ్ళయి ఆరేళ్ళు. ఆయన ఫ్యాక్టరీ మెట్ల మీంచి జారిపడి, రెండు వారాలు తలనొప్పి మాత్రలతో నెట్టుకొచ్చి, ఒకనాడు అన్నం ముద్ద నోటిదాకా ఎత్తలేకపోయారు. తలలో రక్తం గడ్డ కట్టిందేమో చూడాలన్నారు. నాకు ఇంగ్లీషు రాదని, గుంటూరు వైపు కుర్ర డాక్టరొకాయన నన్ను అద్దం వెనక తన పక్కనే కూర్చోబెట్టుకున్నారు.

ఆ రోజుల్లో మెషీన్ మధ్యలో ఉండే నీళ్ళ పెట్టెకు బిగించిన రబ్బరు టోపీలోకి మా ఆయన తల దూర్చారు. ఉట్టిలో గుమ్మడికాయలా ఉంది. మెషీన్ అటొకసారి ఇటొకసారి జరుగుతూ కాస్త కాస్తగా తిరుగుతోంది. దాన్ని నడిపే తెల్లమ్మాయి మర్యాదస్తురాలు, మైకులో "ఆల్‌రైట్?" అని అడిగింది. ఈయన తల అటూ ఇటూ ఊపారు, మనవాళ్ళు ఊపే ఊపు. ఫోటో చెడింది. మళ్ళీ తీశారు, మళ్ళీ అడిగింది, మళ్ళీ ఊపారు.

"ఈసారీ పోతే ఇవాళ్టికింతే అక్కగారూ. గడ్డే అయితే రేపటిదాకా ఆగదు," అన్నారు డాక్టరు.

నేను మైకు లాక్కుని, "ఏమండీ, తల ఊపకండి! వినబడిందా?" అన్నాను.

ఊపారు.

"మీరు చెప్తే ఇంకా ఎక్కువ ఊపుతున్నారేంటండీ!"

"ఆరేళ్ళ అలవాటు బాబూ. ఆ అమ్మాయిని ఏమీ అడగొద్దనండి. నేనూ నోరెత్తను."

మైకు ఆపేశారు. లోపల ఆయన కాళ్ళు వణుకుతున్నాయి. నేనున్నానని ఒక్క మాటంటే ఆయనకు ధైర్యం. అంటే తల ఊపుతారు. పమిట కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను.

ఫోటోలో ఇసుక చల్లినట్టు చుక్కలు, ఒక పక్కన నెలవంకలా మచ్చ. ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశారు. తెలివి రాగానే ఆయనన్న మొదటి మాట, "నన్నొదిలేసి వెళ్ళిపోయావనుకున్నానే."

ఆ తర్వాత ముప్పై ఎనిమిదేళ్ళు నాతో కాపురం చేశారు. అన్నేళ్ళలో ఆయన్ని ఎన్నెన్ని అన్నానో ఒక్కటీ గుర్తులేదు. నోరు కట్టుకు కూర్చున్న ఆ నాలుగు నిమిషాలే నాకింకా గడవలేదు.