కొంగ మోకాలి లోతు

ప్రొద్దుటూరులో జంతుశాస్త్రంలో డిగ్రీ చేసినందుకు నాకు దొరికిన ఉద్యోగం, జమ్మలమడుగు అవతల జలాశయం వెనకనీళ్ల దగ్గర పక్షులకు కాపలా. కనుచూపు మేరా నీళ్లు, బురద, గులాబీ రెక్కల కొంగలు. ఆదివారాలు పులివెందుల నుంచి కూడా జనం వచ్చి ఫొటోలు తీసుకుంటారు. గొర్రెలు లోపలికి రాకూడదని బోర్డు. బోర్డు కింద కుర్చీలో నేను. గొర్రెలున్నది మా నాయనకు.

ఆ ఎండాకాలం బయట మేపడానికి రాళ్లు మాత్రం పుష్కలంగా ఉన్నాయి. నీళ్లు వెనక్కి జరిగిన చోట పచ్చిక మొలిచింది. మంద రెండు రోజులు పస్తుండేసరికి మా నాయన బోర్డు దాకా వచ్చి, చదవడం రాని మనిషి గనుక, నన్నే అడిగాడు. మెట్టలో పుట్టినవాడు, నీళ్ల సంగతి చదువుకున్నవాడికి తెలుస్తుందనుకున్నాడు.

“యాడ దాటాలప్పా? ఆ పక్క గడ్డి కనపడతాంది.”

నడుమ నీటిపాయ. అందులో కొంగలు మోకాళ్ల లోతున నిలబడి ఉన్నాయి. నా చదువంతా ఉపయోగించాను.

“కొంగలున్న చోట దాటు నాయనా. ఆడ లోతుండదు.”

లోతు నిజంగానే లేదు. నీళ్ల కింద ఉన్నది నేల కాదు, అంతే. కొంగను మోసే బురద గొర్రెను మోస్తుందా అన్న ప్రశ్న నాకు ఏ పరీక్షలోనూ రాలేదు.

మందకు ముందు నడిచే చూలు గొర్రె, మెడలో గంటతో, కడుపు దాకా దిగబడింది. మిగతావాటిని అరిచి ఆపాను. మా నాయన బురద మీద గొంగళి పరిచి, దానిమీద బోర్లా పాకుతూ పోయి, గొర్రె తల పైకెత్తి పట్టుకున్నాడు. నేను ఆయన కాళ్లు పట్టుకుని లాగాను. గొర్రె కదల్లేదు, ఇద్దరూ దిగుతున్నారు.

“వదిలెయ్ నాయనా! నువ్వూ పోతావు.”

“నోరు మూసుకోని పట్టుకో. కడుపుతో ఉండాదిరా అది.”

పొద్దు వాలేదాకా పట్టుకున్నాడు. చివరికి గంట ఒక్కటే తెచ్చాడు. కొంగలు నాలుగడుగులు పక్కకు జరిగాయి.

“నీ డిగ్రీ మీద శానామంది సార్లు సంతకాలు పెట్టినారు గదప్పా,” అన్నాడు బురద ఉమ్ముతూ. “వాళ్లలో గొర్రెలు కాసినోడు ఒక్కడు లేడా?”

మర్నాడు పొద్దున్నే, గంట తానే మోగించుకుంటూ, మంద ముందు నడిచి మళ్లీ వచ్చాడు. గడ్డి ఇంకా అవతలే ఉంది.

“ఈపొద్దు కొంగలు యాడ నిలబడినాయి?”

నా వెనక నీళ్లంతా కొంగలే.

“ఒక్కటీ రాలేదు నాయనా.”

నా భుజం మీదుగా చాలాసేపు చూశాడు.

“అట్లనా,” అని, గంట మోగిస్తూ మందను రాళ్ల వైపు తిప్పాడు.