ఫరసాన్‌లో పాలపిట్ట కాని పిట్ట

పాలపిట్టను మీరు చివరిసారి ఎక్కడ చూశారు, కరెంటు తీగ మీదా, పంజరంలోనా?

దసరా నాడు మీ గుమ్మం ముందు నిలబడ్డ మనిషి చేతిలోని పంజరానికి దండం పెట్టేటప్పుడు, ఆ పిట్ట రెక్క ఎందుకు విప్పడం లేదని ఎప్పుడైనా అడిగారా? నేను అడిగాను. అడగడమే నా పని. మా టౌనులో స్వాముల చేతిలోంచి విభూతి ఎలా రాలుతుందో వేదిక మీద చేసి చూపించిన బృందంలో నేనొకణ్ణి. ఎదుటివాడికి మాట దొరకకుండా చేయడం అక్కడే నేర్చుకున్నాను. ఆ విద్యను సౌదీకి, ఈ జీజాన్‌కు కూడా మోసుకొచ్చాను.

ఇక్కడ ఒక మెయింటెనెన్స్ కంపెనీ స్టోర్‌లో నా ఉద్యోగం. క్యాంపులో మావాళ్లు ఎక్కువగా జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన ప్లంబర్లు, మేస్త్రీలు, ఏసీ పనివాళ్లు. నేను వచ్చిన మొదటి దసరాకు వాళ్లు రోడ్డు పక్కన ముళ్లచెట్టు కొమ్మ విరుచుకొచ్చి, దాన్నే జమ్మి అనుకుని, ఒకరి చేతిలో ఒకరు బంగారమని ఆకు పెట్టి, కౌగిలించుకుని అలాయ్ బలాయ్ తీసుకుంటున్నారు. నాకూ ఇవ్వబోయారు. నేను చేయి వెనక్కి తీసుకున్నాను.

"ఇది జమ్మి కాదు, ఏ దేశం నుంచో తెచ్చి నాటిన ముళ్లకంప. బంగారం అంతకన్నా కాదు" అన్నాను.

"ఈనకు ఆకు ఇయ్యవోయినోడిది తప్పు" అన్నాడొక మేస్త్రీ. అందరూ నవ్వారు.

ఆ చెట్టు గురించి నేనన్నది నిజం. ఇప్పటికీ అదే అంటాను. కానీ మర్నాటి నుంచి మెస్‌లో నేను కూర్చున్న చోట పళ్లేలు పక్కకు జరిగాయి. జరగనిది ఒక్క పళ్లెం. అది ఒక ప్లంబర్‌ది. నాకంటే పదేళ్లు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన తమ్మీ అనేవాడు. "నీ నోరు మంచిది గాదు గని నువ్వు వండే పప్పు మంచిగుంటది" అంటూ రోజూ నా పక్కనే కూర్చునేవాడు. ఆయన కూడా లేచిపోతే నేను గోడవైపు తిరిగి తినాలి. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

మాట్లాడే మనుషులు తగ్గాక కెమెరా కొన్నాను. పాతదే, మోచేయంత లెన్సుతో. శుక్రవారాలు సముద్రపు ఒడ్డున గూడబాతుల్ని, కొంగల్ని తీస్తూ గడిపేవాణ్ణి. ఒక ఏడు దసరా శుక్రవారం నాడే వచ్చింది. వారం ముందు అన్న అడిగాడు.

"తమ్మీ, పాలపిట్టను సూపిస్తవా? మనోళ్లు ఫోన్ల బొమ్మ సూసి దండం వెడ్తరు. నాకు బొమ్మ వద్దు. పానమున్నది గావాలె."

నాకు నవ్వొచ్చింది. "చూస్తే ఏమొస్తదన్నా? ఊరికి పోయి రానీకి నీ ఎగ్జిట్ రీఎంట్రీ వీసా జల్ది కొడతరా?"

"ఏమొస్తదో నీకెందుకు. తీస్కపోతవా లేదా?"

ఎందుకు చూడాలనుకుంటున్నాడో నేను అడగలేదు. జవాబు నాకు తెలుసుననుకున్నాను.

పాలపిట్ట ఇక్కడ ఉండదు. కానీ దాని చుట్టం ఒకటి ఆ రోజుల్లో యూరప్ చలిని తప్పించుకుని ఆఫ్రికా పోతూ ఈ తీరాన ఆగుతుంది. జీజాన్ నుంచి ఓడలో గంట ప్రయాణం చేస్తే ఫరసాన్ ద్వీపం. ఇఖామా, అంటే మా నివాస కార్డు, చూపించి పొద్దున్నే ఎక్కాం. అన్న ఉతికిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. ఖుబ్జ్ రొట్టెలు, ఉడికించిన గుడ్లు కాగితంలో చుట్టి తెచ్చాడు. దారి పొడుగునా రెయిలింగ్ పట్టుకుని నిలబడే ఉన్నాడు.

ద్వీపంలో ఒక బంగ్లాదేశీ నడిపే టాక్సీ మాట్లాడుకున్నాం. ఊరు దాటి ఇసుక బయలుకు వచ్చేసరికి కనిపించింది. తీగ మీద, ఒంటరిగా. లేత నీలం తల, ఇటుక రంగు వీపు.

అన్న కాలుతున్న ఇసుకలో చెప్పులు విడిచాడు. చేతులు జోడించాడు.

"చెప్పులేసుకో అన్నా, అది పాలపిట్ట కాదు. మనదాని రొమ్ము గోధుమరంగుల ఉంటది. దీనిది మొత్తం నీలం. ఎన్ని దేశాలు దాటి వచ్చిందో, అలిసి దిగింది. నీ దసరా సంగతి దానికి తెల్వదు."

"అలిసిందా?" అన్నాడు. నా ఉపన్యాసంలో ఆయన విన్నది ఆ ఒక్క మాటే.

నేను కెమెరా ఎత్తుకుని దగ్గరికి నడిచాను. లేచి పక్క స్తంభం మీద వాలింది. అక్కడికీ వెళ్లాను. మళ్లీ లేచింది. రెక్క విప్పినప్పటి నీలం కావాలి నాకు. నాలుగోసారి అది తీగ దాకా పోలేదు. ఇసుకలోనే దిగి, ముక్కు తెరుచుకుని నిలబడింది. నేను మోకాళ్ల మీద కూర్చుని ఒక ఫోటో తీశాను. రెండోది తీయబోతే లెన్సులో తెల్ల చొక్కా అడ్డమొచ్చింది.

"నువ్వే అంటివి అలిసిందని. మల్ల నువ్వే దాన్ని కూసోనిస్తలేవు."

కెమెరా దించాను. మాటలో ఓడడం నాకు అలవాటు లేదు. "పంజరంలో పిట్టకు దండం పెట్టేటోళ్లు నాకు చెప్పద్దు" అన్నాను.

ఆయన ఇసుకలో పిట్టనే చూస్తూ అన్నాడు. "దండం వెట్టినోన్ని గాదు తమ్మీ. పిట్టల్ని పట్టినోన్ని."

పడుచువాడిగా ఉన్నప్పుడు పండుగకు వారం ముందే పుల్లలకు బంక పూసి పాలపిట్టల్ని పట్టేవాడట. పంజరంలో పెట్టి ఇంటింటికీ తిప్పేవాడట. "పండుగైనంక ఇడిసిపెడుతుంటిమి. రెక్కలకు బంక అంటుకోని గోడ మీదికి గూడ ఎగురకపోతుండె. పిల్లులు తింటుండె. గప్పటిసంది వాటి దిక్కు సూడబుద్ధి గాలే. ఎవ్వడు పట్టంది, దాని ఇష్టమున్నకాడ కూసున్నది ఒక్కటి సూద్దామనుకున్న. గంతే."

అప్పుడైనా నేను ఊరుకోవాల్సింది. "అయితే పాపం కడుక్కోవడానికి వచ్చినవన్నమాట. పాపం, పుణ్యం ఏం లేవన్నా" అన్నాను.

అన్న చెప్పులు తొడుక్కుని టాక్సీలో కూర్చున్నాడు. తిరుగు ఓడలో అవతలి కిటికీ దగ్గర సీటు చూసుకున్నాడు. రొట్టె ఇవ్వబోతే ఆకలి లేదన్నాడు. మర్నాడు మెస్‌లో ఆయన పళ్లెం ప్లంబర్ల వరుసలో కనిపించింది. కోపంగా ఒక్క మాట అనలేదు. తర్వాత కొన్ని నెలలకు ఫైనల్ ఎగ్జిట్ మీద, ఇక తిరిగి రాకుండా, ఊరికి పోయాడు. పోయేటప్పుడు నా భుజం తట్టి "పైలం తమ్మీ" అన్నాడు.

ఆనాటి ఫోటో నా దగ్గరుంది. వెలుతురు బాగుంది, కన్ను స్పష్టంగా పడింది. ఫోటోల గ్రూపులో పెడితే "పాడుతోందా సార్?" అని ఎవరో అడిగారు. పాడడం లేదు. రొప్పుతోంది. నా వల్ల.

ఇప్పుడు ఏటా ఆ రోజుల్లో ఒక్కణ్ణే ఫరసాన్ పోతాను. పిట్ట కనిపిస్తే దూరంగా టాక్సీ నీడలో కూర్చుంటాను. "ఫోటో నహీ లోగే, భాయ్?" అంటాడు డ్రైవర్. కెమెరా సంచిలోనే ఉంటుంది. పిట్ట తీగ మీంచి దిగి, ఇసుకలో ఏదో పట్టుకుని, మళ్లీ అదే తీగ మీదికి వస్తుంది. ఎంతసేపైనా ఉంటుంది. చూడు అని చెప్పడానికి పక్కన ఎవరూ ఉండరు.

అక్కడి నుంచి ఒకసారి అన్నకు ఫోన్ చేశాను. వానల గురించి, మోకాలి నొప్పి గురించి మాట్లాడాడు. "పిట్ట కనిపించిందన్నా" అన్నాను.

ఆయన అడిగింది ఒక్కటే. "కూసున్నదా?"

"కూసున్నదన్నా."

"సరే మల్ల" అని పెట్టేశాడు.

పాలపిట్టను చూస్తే శుభం జరుగుతుందని నేను ఇప్పటికీ నమ్మను. ఆ మాట నమ్మేవాళ్ల కోసమే పిట్టల రెక్కలకు బంక అంటిస్తున్నారు. కానీ పిట్టను చూడాలన్న ఒక మనిషి కోరికనూ, పట్టి తిప్పే ఆచారాన్నీ ఒకే గాటన కట్టి కొట్టాను. తప్పు నా తర్కంలో ఉంది, ఆయన దండంలో కాదు.

కాబట్టి ఈ దసరాకు పంజరం మీ గుమ్మం ముందుకొస్తే దండం పెట్టకండి, చేతిలో పైసా పెట్టకండి. అక్కడే వదిలెయ్ అని కూడా అనకండి, బంక అంటిన రెక్క ఎగరదు. అటవీ శాఖ నంబరు ఇవాళే వెతికి రాసిపెట్టుకోండి, ఆరోజు ఫోన్ చేయండి. వాళ్లు వచ్చేదాకా పంజరం తెచ్చిన మనిషిని నీడలో కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఎందుకు పట్టావని అడగండి. అడిగాక నోరు మూసుకుని వినండి.