ఫ్రీడా ఆంటీ బండి దగ్గర వరుస

నాలుగో నెల వచ్చినా సెకాయికి గంజి కూడా కడుపులో నిలవడం లేదు. దక్షిణాఫ్రికాలోని కేప్ లోయలో ద్రాక్షపళ్లను పెట్టెలకెత్తే షెడ్డులో పొద్దంతా నిలబడి చేసే పని. గేటు బయట ఫ్రీడా ఆంటీ బండి మీద నూనెలో పొంగే ఫెట్‌కూక్ వాసన మాత్రం ఆమె ప్రాణం లాగేసేది. కీమా కూరిన ఆ పిండి ఉండల్ని ఇన్నాళ్లూ తనతో పనిచేసే కత్రీనా కొని తెచ్చేది. ఇప్పుడామెను రాత్రి షిఫ్టుకు మార్చారు.

జింబాబ్వే నుంచి వచ్చి మూడేళ్లయినా సెకాయి ఇంగ్లీషుతోనే నెట్టుకొచ్చింది. బండి దగ్గరికి వెళ్లాలంటే భయం. పని పోయిన మగాళ్లు అక్కడే చేరతారు. సరిహద్దు దాటొచ్చిన వాళ్ల వల్లే తన పని పోయిందని గెర్ట్ అనేవాడు రోజూ అరుస్తాడు. పోయిన వారం జింబాబ్వే వాళ్లుండే వాడలో ఒకరి రేకుల గుడిసెకు నిప్పు పెట్టారు.

"నాలుగు ముక్కలు ఆఫ్రికాన్స్ నేర్చుకోవే, నోరేం అరిగిపోదు," అంది కత్రీనా వెళ్లేముందు. "ట్వియ ఫెట్‌కూక్, అసబ్లీఫ్, ఆంటీ. రెండివ్వమని. ఆంటీ అనడం మర్చిపోయావో, గరిటె తిరగేస్తుంది!"

ఆ మధ్యాహ్నం వరుసలో సరిగ్గా ఆమె వెనకే గెర్ట్ వచ్చి నిలబడ్డాడు.

"ట్వియ ఫెట్‌కూక్, అసబ్లీఫ్, ఆంటీ."

మాట తడబడలేదు. ఊపిరి పీల్చుకునేలోగా ఆంటీ ఏదో అడిగింది. కత్రీనా నేర్పని మాట. ఆంటీ మళ్లీ అడిగింది.

"ఏం, నోరు పడిపోయిందా? ఎక్కడిదానివే నువ్వు?" అన్నాడు గెర్ట్.

ఆ ప్రశ్న ఏ భాషలో అడిగినా ఆమెకు తెలుస్తుంది. పారిపోదామనిపించింది. అయినా వరుస వదల్లేదు. "ఎక్ లియర్ నోఖ్, ఆంటీ," అంది, ఇంకా నేర్చుకుంటున్నానని. తర్వాత వెనక్కి తిరిగింది. "మాస్వింగో. జింబాబ్వేలో."

గెర్ట్ అడుగు ముందుకేశాడు.

ఫ్రీడా ఆంటీ నూనె కారుతున్న గరిటె పైకెత్తింది. "ఒరేయ్, నీ వంతు రాలేదు. ఈ పిల్లతో మాట్లాడుతున్నా."

"ఇలాంటివాళ్ల మూలంగానే కదా ఆంటీ..."

"నీ గొడవ నా పొయ్యి దగ్గరొద్దు. నిలబడితే నిలబడు, లేదంటే అదిగో దారి."

గెర్ట్ ఉమ్మేసి రోడ్డవతలికి పోయాడు. అక్కణ్నించే చూస్తున్నాడు.

ఆంటీ కాగితం ముక్క ఆడించింది. "తూమాక్? కట్టివ్వనా అని అడిగానంతే."

"తూమాక్, ఆంటీ." పొట్లం అందుకుంది. గేటు లోపలికెళ్లి గోడకానుకుని తింది. ఈసారి కడుపులో నిలిచింది.

మర్నాడూ వెళ్లింది. బిడ్డ పుట్టేనాటికి కీమా తగ్గిందని ఆంటీతో పోట్లాడేంత భాష వచ్చింది. గెర్ట్ వైపు వీపు పెట్టి మాత్రం ఎన్నడూ నిలబడలేదు.