పడక కుర్చీ కాళ్ళు

మా నాన్న వడ్రంగి. ఐదో తరగతితో నా చదువు ఆగిపోయాక ఆయన పక్కన కూర్చుని ఉలి పట్టడం నేర్చుకున్నాను. విజయవాడకు కాపురానికొచ్చాక, వంటపని తెమిలితే మేడమీద రేకుల కింద పాతకాలపు సామాను అచ్చం అలాగే చేయడం నాకు సరదా. ఉయ్యాల బల్ల, భోషాణం చేశాను. ఏదీ అమ్మలేదు.

వరదకు కింది గది మునిగి అత్తయ్య పడక కుర్చీ పాడైపోయింది. ఆమెకు ఆయాసం. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు; ఏళ్ళ తరబడి ఆ కుర్చీలోనే నిద్ర. అది పోయాక మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చునేది. కునుకు పట్టగానే పక్కకు ఒరిగి ఉలిక్కిపడి లేచేది. మనిషి చిక్కిపోయింది. మా ఆయన బెంజ్ సర్కిల్ దగ్గర మెత్తటి సోఫా కుర్చీ కొనుక్కొస్తే, గోతిలో పడ్డట్టుందని లేచిపోయింది.

మైలవరంలో ఆమె చెల్లెలింట్లో పాత కుర్చీకి జత ఉంది. ఒకే వడ్రంగి అక్కచెల్లెళ్ళిద్దరికీ చేశాడట. వెళ్ళి కొలతలు తెచ్చుకున్నాను. పడగొట్టిన ఇళ్ళ కలప అమ్మేచోట టేకు దూలం కొన్నాను. ఒక్క మేకు వాడలేదు. కర్ర చివర నాలుకలా చెక్కి రెండో కర్ర గుంటలో దిగ్గొట్టాను. కాళ్ళ అడుగున చిన్న చెంబుల్లాంటి నగిషీ. ఎక్కువ రోజులు దానికే పట్టాయి.

"వంటకి లేని ఓపిక దీనికెక్కడిదే?" అంటూ వచ్చి, కిందికి దించిన కుర్చీలో అత్తయ్య కూర్చుంది. పాదాలు నేలకానలేదు.

"పిన్నత్తగారి కుర్చీకీ దీనికీ వెంట్రుకవాసి తేడా లేదండీ," అన్నాను.

"దానిది మేడమీదుంది, తడవలేదు. మనింట్లో ప్రతి వానాకాలం నీళ్ళొచ్చి కాళ్ళు కుళ్ళేవి. కుళ్ళినంత మేరా మీ మామయ్య కోసేసేవారు. నేను పడుకుంది ఆ పొట్టి కుర్చీలో."

అదంతా నా పెళ్ళికి ముందు సంగతి. నాకెవరూ చెప్పలేదు. కిందిదాకా జారే దుప్పటి చాటున ఆ కాళ్ళను నేనెప్పుడూ సరిగ్గా చూడలేదు.

"కాళ్ళ కింద పీటేసుకోమ్మా," అన్నారు మా ఆయన.

"రాత్రి లేచి పీట తన్నుకుని పడితే నువ్వొచ్చి లేపుతావా? నీ గురక నీది!"

ఆ రాత్రి అందులోనే పడుకుంది. తెల్లారేసరికి మోకాళ్ళ వెనక అంచు ఒత్తుకుని కాళ్ళు వాచాయి. నేను రంపం తీశాను.

"వద్దులే అమ్మాయ్. అంత అందంగా చెక్కావు, ఎలాగో సర్దుకుంటాను," అంది, నగిషీ తడుముతూ.

కుర్చీ బోర్లించి నాలుగు కాళ్ళూ కోశాను. కూర్చోబెట్టి చూసి, మళ్ళీ కాస్త కోశాను. చెంబులన్నీ పోయాయి. మడమలు నేలకానాయి.

మధ్యాహ్నం అన్నానికి లేపుదామని వెళ్ళాను. నోరు తెరుచుకుని గాఢంగా నిద్రపోతోంది. గిన్నె మీద మూతపెట్టి వచ్చేశాను.