అత్త చీపురు ఆగిన చోటు

నేను డిగ్రీలో చదివింది వృక్షశాస్త్రం. ఈ సంగతి మా అత్తగారింట్లో అందరికీ తెలుసు, మొక్కలకు తప్ప. పెళ్ళై ముత్తుకూరు వచ్చిన కొత్తలో నేను నాటిన ప్రతి మొక్కా మర్యాదకు కొన్నాళ్ళు ఆగి, తర్వాత సెలవు తీసుకుంది. అత్త వీధిలో ఎవరితోనైనా "మా కోడలు బాటనీ" అన్నప్పుడల్లా నాకు లోపల ఏదో ఒక పని గుర్తొచ్చేది.

మా ఇంటికి దక్షిణాన, ప్రహరీ గోడ వెంబడి రెండు చెట్లున్నాయి. ఒకటి వేప, ఒకటి కానుగ. ఇల్లు కట్టిన ఏడాది మా మామగారు పెట్టినవి. నేను ఆయన్ని ఫొటోలోనే చూశాను. ఫొటోలో ఆయన ఎంత గంభీరంగా ఉంటారంటే, దాని ముందు నిలబడి దీపం పెట్టేటప్పుడు పమిట సరిచేసుకోవాలనిపిస్తుంది. చెట్లకు ఆ గాంభీర్యం రాలేదు. వేప ఒక కాలంలో పూత, ఒక కాలంలో పండ్లు రాలుస్తుంది. కానుగకు కాలంతో పనిలేదు, ఏడాది పొడవునా ఏదో ఒకటి రాలుస్తూనే ఉంటుంది. మధ్యాహ్నం అన్నం తిన్నాక అత్త దాని కింద నులక మంచం వాల్చుకుంటుంది. రేవు రోడ్డు మీద లారీల మోత వినిపిస్తుంటుంది, అయినా ఆవిడకు నిద్ర పడుతుంది. ఇల్లు అందరిదీ. ఆ నీడ మాత్రం ఆవిడది.

చెట్ల కింద, గోడకూ వాకిలికీ మధ్య, రెండు మంచాలు పట్టేంత వెడల్పున ఒక నేల పట్టీ ఉంది. అక్కడ ఏమీ మొలవదు. అసలే సముద్రపు పక్క ఇసుక నేల. ఎండ పైనే ఆగిపోతుంది, కింద పోసిన నీళ్ళను వేళ్ళు తాగేస్తాయి. మొక్కకు మిగిలేది గాలి ఒక్కటే, అందులోనూ సగం దుమ్ము.

ఈ పట్టీ మీద మా బావగారి కన్ను పడింది. ఆయన నెల్లూరులో సిమెంటు, ఇనుము అమ్ముతారు. అందుకని ఖాళీ నేల కనిపిస్తే ఆయన మనసు ఊరుకోదు. ఒక వేసవి పొద్దున ఒక మేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చి, టేపు పట్టించి కొలిపించారు.

"ఈ రెండు చెట్లూ కొట్టేస్తే వరసగా రూములు పడతాయమ్మా. పోర్టులో పనిచేసే పిల్లోళ్ళు బాడుగ ఇళ్ళు దొరక్క తిరగతా ఉండారు."

"అవి మీ నాయన పెట్టిన చెట్లురా," అంది అత్త.

"కాదన్నానా? కింద చూడు ఒకసారి. గడ్డి కూడా మొలవదు. పైన కాకులు, కింద ఇసుక. ఇంత జాగా ఎవురికి పనికొస్తా ఉంది?"

అత్త కాసేపు కొడుకు వంక, కాసేపు చెట్ల వంక చూసింది. తర్వాత నా వంక చూసింది. ఆ చూపు అర్థమై నేను వంటింట్లోకి వెళ్ళబోయేలోపే జరగాల్సింది జరిగిపోయింది.

"మా కోడలు మొలిపిస్తాది," అంది.

"ఆఁ, బాటనీ కదా," అన్నారు బావగారు. నవ్వలేదు. నవ్వి ఉంటే కొంచెం బాగుండేది.

"మొలిపిస్తే?" అంది అత్త.

"మొలిపిస్తే చెట్ల మీద చెయ్యి వెయ్యనమ్మా, సరేనా? వానలు పోయి చలి పడినాక వస్తా. అప్పటికి ఈడ పచ్చగా ఉంటే నీ చెట్లు నీకు. లేకుంటే మేస్త్రీ గునపంతో వస్తాడు."

మా ఆయన రేవులో షిఫ్టు దిగి వచ్చాక అంతా విని, "మా అన్న మాటిస్తే తప్పడు," అన్నాడు. అది ధైర్యం చెప్పడమో భయపెట్టడమో నేను అడగలేదు.

మొదటి విడత మొక్కలు నెల్లూరు రోడ్డులోని ఒక నర్సరీ నుంచి తెచ్చాను. నీడలో ఏవి వస్తాయని అడిగితే, అక్కడి మనిషి చుట్టూ చెయ్యి తిప్పి, "అన్నీ బ్రహ్మాండంగా వస్తాయి మేడం," అన్నాడు. ఆ చేతి ఊపులోనే నాకు అనుమానం రావలసింది. రంగురంగుల క్రోటన్లు, రెండు మందారాలు, ఒక గులాబీ పెట్టాను. నీళ్ళు పోశాను, ఎరువు వేశాను, చదివినవన్నీ గుర్తు చేసుకుని చేశాను. గులాబీ మొదట పోయింది. క్రోటన్లు రంగులు వదిలేసి కర్రలుగా నిలబడ్డాయి. మందారాలు ఒకదాన్ని చూసి ఒకటి పోయాయి. కానుగ మాత్రం ఆ నెలలో కొత్త చిగురు వేసింది. నేను వేసిన ఎరువు ఎవరికి చేరిందో తెలిసిపోయింది.

అలా చచ్చిన క్రోటన్లు పీకుతూ చతికిలబడి కూర్చున్నప్పుడు గోడ అడుగు కనిపించింది. మామగారు కట్టించిన గోడ, దానికి సిమెంటు పూత ఉంది. ఆ పూత నేలకు జానెడు పైన ఆగిపోయి, కింద పునాది రాళ్ళు బయటికి కనిపిస్తున్నాయి. పూత పూసే మేస్త్రీ నేల దాకా పూస్తాడు గానీ, మధ్యలో గాలిలో ఆపడు కదా. చెట్ల మొదళ్ళ దగ్గర చూశాను. వేళ్ళు నేల మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నట్టు పైకి లేచి ఉన్నాయి. అంటే ఒకప్పుడు నేల జానెడు ఎత్తున ఉండేది. అది ఎక్కడికి పోయిందని ఆలోచిస్తుండగా పొద్దున్నే వాకిట్లో వినిపించే చప్పుడు చెవిలో మెదిలింది. చర్, చర్, చర్.

మా అత్త వాకిలి గురించి చెప్పాలి. తెల్లవారకముందే లేచి, కొబ్బరి ఈనెల చీపురుతో ముందు వాకిలి, పక్క వాకిలి, చెట్ల కింద పట్టీ, గోడ మూల దాకా ఊడుస్తుంది. రోడ్డు మీద బొగ్గు లారీలు ఎంత నల్లదుమ్ము లేపినా మా వాకిట్లో ఒక్క ఆకు, ఒక్క పుల్ల కనిపించదు. ఊడ్చాక చీపురు గీతలు దువ్విన తలలా వరసగా కనిపిస్తాయి. వీధిలో పెళ్ళిచూపులు జరిగితే పిల్ల తల్లులు మా వాకిలి చూపించి "అట్టా ఊడ్వాలమ్మే" అని చెప్పిన సందర్భాలున్నాయి. అలా ఊడ్చిన ప్రతి పొద్దునా ఆకులతోపాటు గుప్పెడు మన్ను కూడా వీధి చివరి కుప్పలోకి వెళ్ళింది. ఏళ్ళ తరబడి వెళ్ళింది. రాలిన ఆకు కుళ్ళి మన్ను కావడానికి ఆ చెట్లకు ఒక్క రోజు కూడా వ్యవధి దొరకలేదు.

ఈ మాట అత్తకు చెప్పడం ఎలాగన్నది నా డిగ్రీలో లేదు.

"అత్తా, ఆ చెట్ల కింద ఆకులు కొన్నాళ్ళు ఊడ్వకుండా వదిలేద్దామా?" అన్నాను, కూర తరుగుతూ, పెద్ద విషయం కానట్టు.

"ఊడ్వకుండానా? ఆ ఇంట్లో ఆడోళ్ళు లేరా అనుకోరూ?"

చేయి పట్టుకుని తీసుకెళ్ళి గోడ చూపించాను. ఆవిడ వంగి పూత అంచు తడిమింది. పునాది రాళ్ళ మీద అరచెయ్యి ఆనించి జానెడు కొలిచింది. తర్వాత చెట్ల వేళ్ళ వంక చూసింది.

"అయితే ఇన్నాళ్ళూ నేను ఊడ్చింది చెత్త కాదా?"

"చెత్త కూడా ఉందిలే అత్తా."

"మీ మామ పెట్టిన చెట్ల కాళ్ళు నేనే బయటేసినానా," అని, మంచం దాకా వెళ్ళి, పడుకోకుండా కూర్చుంది.

మరుసటి రోజు మామూలుగానే ఊడ్చింది. ఆ మరుసటి రోజూ ఊడ్చింది. మూడో రోజు పాలు కాస్తుంటే చర్ చర్‌మన్న చప్పుడు ఉన్నట్టుండి ఆగింది. కిటికీలోంచి చూశాను. అత్త చీపురు పట్టుకుని పట్టీ అంచున నిలబడి ఉంది. రాలిన ఆకుల వంక, పిలవకుండా వచ్చిన చుట్టాల్ని చూసినట్టు చూస్తోంది. అడుగు ముందుకు వేసింది, వెనక్కి వేసింది. ఆ తర్వాత వాకిట్లో పోగైన ఆకుల్ని వీధివైపు కాకుండా చెట్లవైపు తోసింది. తోసి, ఎవరైనా చూశారేమోనని వీధి అటూ ఇటూ చూసింది.

ఎదురింటి అక్క చూసింది. ఆవిడ భర్తకు బజారులో బట్టల కొట్టు. వాళ్ళింట్లో రంజాన్‌కు ఏం వండినా మొదటి గిన్నె మాకే వస్తుంది, మా ఇంటి సంగతులు కూడా ఆవిడకే మొదట చేరతాయి. పొద్దెక్కకముందే కంగారుగా వచ్చేసింది.

"పెద్దమ్మా, ఒంట్లో బాగుండావా?"

"నాకేంది? గుండ్రాయి మాదిరిగా ఉండా."

"అది కాదు, ఆ పక్క ఊడ్వలేదే..."

"ఊడ్చినా," అంది అత్త. "ఈ పక్కది ఆ పక్కకి ఊడ్చినా."

అక్క నా వంక చూసింది. నేను చెట్టు వంక చూశాను.

సంగతంతా చెప్పాక ఆ అక్కే దారి చూపించింది. "నీడలో నీళ్ళు లేకుండా బతకాలంటావా? మా ఇంటెనక డిసెంబరాలు చూడు, ఎవురూ పట్టించుకోకపోయినా అట్టానే పూస్తా ఉండాయి." వెళ్ళి చూస్తే నిజమే. మునగ చెట్టు కింద, గోడ నీడలో ఒక గుబురు ఉంది. అప్పుడు నా పద్ధతి మార్చుకున్నాను. ఏ మొక్క అందంగా ఉందని కాదు, ఏ మొక్క ఎవరూ చూడకుండా బతికేస్తోందని వెతకడం మొదలుపెట్టాను. ముత్తుకూరు సందుల్లో తలవంచుకుని చెట్ల కిందికి చూస్తూ తిరిగాను. ఏదో పోగొట్టుకున్నాననుకుని జనం అడిగి వెతికిపెట్టబోయారు. పాడుబడ్డ బావి పక్కన అడ్డసరం కనిపించింది. ఒక ఆఫీసు గోడ వెనక, వేపచెట్టు కింద, స్నేక్ ప్లాంట్ గుంపు కత్తుల్లా నిలబడి ఉంది. రణపాల ఆకు ఒకటి ఎవరి పెరట్లోంచో తెచ్చి మన్ను మీద పడేస్తే చాలు, దాని అంచు చుట్టూ పిల్ల మొక్కలు పుట్టాయి. వామాకు మా ఇంట్లోనే కుండీలో ఉంది, దగ్గు వచ్చినప్పుడు తప్ప దాన్ని ఎవరూ పలకరించరు. కాస్త వెలుగు పడే అంచున కనకాంబరాలు పెడదామని అత్త అంది, అక్కడికి అవే అనుకున్నాను.

తొలి వానలు పడగానే నాటాం. వేరు తగిలిన చోట గుంత తవ్వలేదు, వేరుకూ వేరుకూ సందు దొరికిన చోటే చిన్న గుంత. పెద్ద మొక్కలేవీ తేలేదు. చిన్న మొక్క నేర్చుకుంటుంది, పెద్దది ఫిర్యాదు చేస్తుంది. నాటిన చోట మళ్ళీ ఆకులు కప్పేశాం. అత్త ఒకరోజు ఎక్కడి నుంచో పాత ఇటుకలు తెప్పించి, పట్టీ అంచున ఏటవాలుగా పాతించి, వాటికి సున్నం కొట్టింది. ఇటుకల బయట, వాకిలి వైపున, రోజూ ఒక ముగ్గు గీత గీయడం మొదలుపెట్టింది. లోపలున్నది బద్ధకం కాదని వీధికి తెలియాలి కదా.

చలి పడింది. బావగారు మేస్త్రీతో వచ్చారు. వస్తూనే కారును కానుగ నీడలో నిలిపారు.

"ఎండలో పెట్టు నాయనా," అంది అత్త. "రూములు కట్టినాక యాడ పెడతావో ఇప్పటినుంచే అలవాటు చేసుకో."

బావగారు కారు తియ్యలేదు. పట్టీ దగ్గరికి వచ్చి నిలబడ్డారు. అబద్ధం ఎందుకు, అదేమీ బృందావనం కాదు. అక్కడక్కడా ఖాళీలున్నాయి. కనకాంబరాలు రెండు మూడు గుత్తులే వేశాయి. కానీ డిసెంబరాలు గోడ పొడవునా ఊదారంగు పూలతో నిండి ఉన్నాయి. అడ్డసరం మోకాలెత్తు పెరిగింది. రణపాల, అడగకపోయినా, ఇటుకల దాకా వచ్చేసింది.

"ఈ ఆకులేందమ్మా? పాములు రావూ?"

"వస్తే మీ నాయన ఫొటో చూపిస్తా. అదే పోతాది."

ఆయన చెప్పు కొసతో ఆకుల్ని పక్కకు తోశారు. కింద నేల నల్లగా, తడిగా ఉంది. వాన పడి చాలా రోజులైంది. ఒక వానపాము వెలుగు నచ్చక లోపలికి దూరిపోయింది. సిమెంటు అమ్మినా ఆయన పుట్టింది వరి పండించే ఇంట్లో. ప్యాంటు మడతలు చూసుకోకుండా గొంతుకు కూర్చుని, గుప్పెడు మన్ను తీసి నలిపి వాసన చూశారు.

"ఇసుక యాడికి పోయింది?"

"అడుగునే ఉంది బావా," అన్నాను.

ఆయన మేస్త్రీ వైపు తిరిగారు. "నువ్వు చెప్పు. పచ్చగా ఉందంటావా?"

"పచ్చగానే ఉందన్నా."

"నీకు పని వద్దా?"

"నీడలో నిలబెట్టి అబద్ధం ఆడమంటే ఎట్టన్నా? ఎండలోకి తీసకపోయి అడుగు."

బావగారు చేతులు దులుపుకున్నారు. "టేపు లోపల పెట్టు," అన్నారు. ఆ మాట విన్నాక అత్త మంచం మీద కూర్చుంది. అప్పటిదాకా నిలబడే ఉందని నాకు అప్పుడే తెలిసింది. తల పైకెత్తి కానుగ కొమ్మల్లోకి కాసేపు చూసి, "మా కోడలు బాటనీ," అంది, ఎవరితోనూ కాదు. ఈసారి నాకు లోపల పనేమీ గుర్తురాలేదు. అక్కడే నిలబడి పూర్తిగా విన్నాను.

వెళ్ళబోతూ బావగారు, "ఆ ఊదా పూలది కొమ్మ ఒకటి ఇయ్యమ్మా, మీ అక్కకి," అన్నారు. వాళ్ళింటి చుట్టూ గేటు దాకా సిమెంటే. ఆ మాట నేను అనలేదు. కొమ్మను కుండీలో పెట్టి, మన్నుతో సహా ఇచ్చాను. ఆయన కారు అద్దం మీద కాకి తెల్లగా తన వంతు చెప్పేసి ఉంది, అత్త అది చూసీ చెప్పలేదు.

ఇప్పటికీ అత్త తెల్లవారకముందే ఊడుస్తుంది. చీపురు ఇటుకల దాకా వచ్చి ఆగుతుంది. ముగ్గు గీతకు ఇవతల ఆకు ఏదైనా మిగిలితే, వంగి చేత్తో తీసి అవతల పెడుతుంది, పసిపిల్లను పక్క మీదికి జరిపినంత నెమ్మదిగా. మొన్న ఎదురింటి అక్క కూడా తన మునగచెట్టు కింద ఊడ్వడం మానేసింది. అత్త అరుగు మీద నిలబడి అటు చూసి, నాతో గొంతు తగ్గించి అడిగింది.

"అది మనల్ని చూసే కదమ్మే?"

"మనల్ని చూసే అత్తా," అన్నాను.

"నువ్వు మాత్రం ఎవురికీ చెప్పబాక," అని, చెప్పడానికి పక్కింటికి వెళ్ళింది.